కత్తి మీద గాడి రక్తం కోసమేనా?

ప్రశ్న: పాతకాలం కత్తుల మీద పొడవునా ఉండే గాడిని చాలామంది ‘రక్తపు గాడి’ అంటారు. పొడిచాక మాంసం కత్తిని పీల్చి పట్టేస్తుందట, గాడిలోంచి గాలి వెళ్తేనే ఊడి వస్తుందట. నిజమేనా, లేక వట్టి అలంకారమా?

మొదటి జవాబు: రెండూ కాదండీ. మాంసం అలా పీల్చి పట్టుకోదు. రోమన్ సైనికుల గ్లాడియస్ పొడవడానికే పేరుపడ్డ కత్తి, వాటిలో చాలావాటికి గాడే లేదు. గాడి పని బరువు తగ్గించడం. రైలు పట్టాని అడ్డంగా కోస్తే పైనా కిందా లావుగా, నడుమ సన్నగా ఉంటుంది చూడండి, ఇదీ అలాంటి ఉపాయమే.

రెండో వ్యక్తి: గాడి తీస్తే బలం పెరుగుతుందని కూడా అంటారు కదా?

మొదటి జవాబిచ్చినవారు: అదీ పొరపాటే. లోహం తీసేస్తే బలం ఎంతో కొంత తగ్గుతుంది. కాకపోతే అదే బరువున్న పలచని కత్తి కంటే గాడి ఉన్న మందపాటి కత్తి తక్కువ వంగుతుంది. కమ్మరి ఎర్రగా కాల్చి సుత్తితో గాడి అణిచాడంటే లోహం ఎక్కడికీ పోదు, పక్కలకు పరుచుకుంటుంది. వెయ్యేళ్ల కిందటి ఉత్తర ఐరోపా ఓడ యోధులు వైకింగుల కాలంలో ఇనుము ఖరీదైనది, వాళ్ల కత్తుల్లో వెడల్పాటి గాడి అందుకే నాకు వింతగా అనిపించదు.

మూడో వ్యక్తి: జపాన్ కటానా మీది గాడిని ‘హి’ అంటారు. గాలిలో సరిగ్గా విసిరితే అది చప్పుడు చేస్తుంది, సాధన చేసేవాళ్లకు దెబ్బ పదును వైపే తిన్నగా పడిందో లేదో చెవికే తెలిసిపోతుంది.

రెండో వ్యక్తి: మరి నేపాల్ వాళ్ల వంకర కత్తి ఖుక్రీకి పిడి దగ్గర ఉండే గాటు? రక్తం చేతి మీదికి జారకుండానే కదా?

మొదటి జవాబిచ్చినవారు: రక్తం కత్తి రెండు పక్కలా కారుతుంది, అంచులో ఉన్న చిన్న గాటు దాన్నెలా ఆపుతుంది? ఒరలోంచి తీస్తే రక్తం చూడాల్సిందేనన్న కథా అంతే. అక్కడి ఇళ్లలో ఖుక్రీతో కట్టెలు కొడతారు, కూరలు కోస్తారు.

మూడో వ్యక్తి: సాన పట్టేటప్పుడు పదును ఎక్కడ ఆపాలో ఆ గాటు చూపిస్తుంది. నేను దాన్నే నమ్ముతాను.

మొదటి జవాబిచ్చినవారు: దానికి చిన్న నొక్కు చాలు కదండీ. గాటు మూల వాడిగా ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. అయినా అంత శ్రద్ధగా మలుస్తారంటే, ఆ గాటు ఆవు గిట్టకో, శివుడి త్రిశూలానికో గుర్తు అని చెప్పే మాటకే నా ఓటు.