‘తప్పు జరిగింది’ అనే నాయకులు ‘తప్పు చేశాను’ అని ఎందుకు అనలేరు?

ప్రశ్న

నేను పదకొండేళ్ళుగా ఒక ప్రజాప్రతినిధికి ప్రసంగాలు, పత్రికా ప్రకటనలు రాస్తున్నాను. ఆయన పేరు, పార్టీ ఇక్కడ అనవసరం.

మూడు వారాల క్రితం మా సార్ ఒక సభలో 43 మంది పేర్లు మైకులో చదివారు. తప్పుడు వివరాలిచ్చి సాయం డబ్బు తీసుకున్నవాళ్ళు వీళ్ళేనని చెప్పారు. తర్వాత విచారణ చేస్తే వాళ్ళలో 31 మంది ఏ తప్పూ చేయలేదని తేలింది. ఆఫీసులో రెండు జాబితాలు కలిసిపోయాయి, ఎవరూ సరిచూడలేదు. ఆ రాత్రి కూర్చుని నేను మూడు వాక్యాలు రాశాను: ‘ఆ పేర్లు సరిచూసుకోకుండా చదివాను. అది నా తప్పు. ఆ 31 మందినీ క్షమించమని అడుగుతున్నాను.’

ఆ కాగితం లాయరు దగ్గరికి, అక్కణ్ణించి మీడియా చూసేవాళ్ళ దగ్గరికి, ఆ తర్వాత ఇద్దరు సీనియర్ల దగ్గరికి వెళ్ళింది. తెల్లారేసరికి ఇలా తయారైంది: ‘సమాచార లోపం వల్ల కొన్ని పొరపాట్లు జరిగాయి. ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే చింతిస్తున్నాం.’

‘చదివాను’ పోయి ‘జరిగాయి’ వచ్చింది. తప్పు కాస్తా పొరపాటైంది. 31 మంది ‘ఎవరైనా’ అయిపోయారు. పైగా ‘ఉంటే’ అని ఒక మాట చేరింది, దెబ్బ తగిలిందో లేదో ఇంకా తేలనట్టు. ‘నేను’ పూర్తిగా మాయమైంది.

మా సార్ మొండిమనిషేమీ కాదు, అందుకే నాకింత బాధ. ఒకసారి నేను చేయని పనికి పదిమందిలో నన్ను గట్టిగా కేకలేశారు. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికే నా కుర్చీ పక్కన నిలబడి ఉన్నారు. ‘నిన్న నాదే తప్పమ్మా, నీ మాట వినకుండా అరిచాను’ అన్నారు. ఆ పదిమందినీ పిలిచి వాళ్ళముందు కూడా అదే చెప్పారు. అంత తేలిగ్గా అనగలిగిన మనిషికి మైకు ముందు నోరెందుకు పెగలదు? ఒప్పుకున్న నాయకుడు నిజంగానే నష్టపోతాడా? తెలిసినవాళ్ళు చెప్పండి, సార్‌కి చూపించాలి.

జవాబు: పాత విలేకరి

ముప్ఫై ఏళ్ళు చట్టసభల వార్తలు రాశాను. మీ సార్ చుట్టూ ఉన్నవాళ్ళ భయంలో కొంత నిజముందమ్మా. ‘తప్పు చేశాను’ అనగానే శీర్షిక అదే అవుతుంది. ప్రత్యర్థి అయిదేళ్ళ తర్వాత కూడా ‘స్వయంగా ఆయనే ఒప్పుకున్నాడు’ అంటూ ఆ ముక్క వినిపిస్తాడు. సొంత పార్టీవాళ్ళు బలహీనుడంటారు. మేమూ తక్కువ తినలేదు. తప్పు దిద్దుకున్న నాయకుణ్ణి పట్టుకుని ‘మాట మార్చాడు’ అని నేనే ఎన్నోసార్లు రాశాను. అది న్యాయం కాదని ఇప్పుడనిపిస్తుంది.

ఇక ‘జరిగాయి’ సంగతి. ఆ ఎత్తు మన భాషదే కాదు. ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలమ్మిన వ్యవహారం బయటపడ్డాక అమెరికా అధ్యక్షుడు రీగన్ 1987 జనవరి ప్రసంగంలో తీవ్రమైన పొరపాట్లు జరిగాయన్నారు. చేసిందెవరో చెప్పలేదు. ఆయనే నియమించిన కమిషన్ నివేదిక ఫిబ్రవరిలో వచ్చింది. మార్చి 4న మళ్ళీ టీవీ ముందుకొచ్చి, బందీలుగా ఉన్న అమెరికన్లను విడిపించుకోవడం కోసం ఆయుధాలివ్వలేదని తన మనసు ఇప్పటికీ చెబుతోందనీ, సాక్ష్యాలు మాత్రం కాదంటున్నాయనీ చెప్పారు. బాధ్యత తనదేనన్నారు. మనిషి లోపల ఏం జరుగుతుందో ఆ మాటలో కనిపిస్తుంది. చాలామంది నాయకులు అబద్ధం ఆడుతున్నామనుకోరు. తాము మంచివాళ్ళమన్న నమ్మకం ఎంత గట్టిదంటే, ఎదురుగా ఉన్న కాగితం కూడా వాళ్ళ కళ్ళకు ఆనదు.

నష్టపోతారా అన్నారు కదా. క్యూబా మీదికి అమెరికా పంపిన దండు 1961 ఏప్రిల్‌లో బే ఆఫ్ పిగ్స్ దగ్గర చిత్తుగా ఓడిపోయింది. ప్రభుత్వంలో బాధ్యుణ్ణి నేనేనని అప్పటి అధ్యక్షుడు కెనడీ పత్రికలవాళ్ళ ముందే అన్నారు. ఆ తర్వాత గాలప్ సర్వేలో ఆయన పట్ల ఆమోదం 83 శాతం. దీన్ని మీ సార్‌కి చూపించండి.

జవాబు: ఒక వకీలు

కెనడీ ఉదాహరణ ఒక్కటే చూపిస్తే సార్‌ని మోసం చేసినట్టవుతుంది. బ్రిటన్‌లో అప్పటి లిబరల్ డెమోక్రాట్ పార్టీ నాయకుడు నిక్ క్లెగ్ కూడా ఉన్నారు. యూనివర్సిటీ ఫీజుల పెంపును వ్యతిరేకిస్తామని 2010 ఎన్నికల ముందు సంతకం పెట్టి, ప్రభుత్వంలో చేరాక 9,000 పౌండ్ల దాకా పెంచడానికి ఒప్పుకున్నారు. 2012లో వీడియోలో క్షమాపణ చెప్పారు. 2015లో ఆయన పార్టీ 57 సీట్ల నుంచి 8కి పడిపోయింది. ఆయన చెప్పిన క్షమాపణ నిలబెట్టుకోలేని మాట ఇచ్చినందుకే, ఫీజులు పెంచినందుకు కాదు. జనానికి ఆ తేడా తెలిసింది. ఓటమికి కారణం అదొక్కటే అని నేననను. కానీ క్షమాపణ ఓట్లు తెచ్చే మంత్రమని మాత్రం ఆయనకు చెప్పకండి.

మీ ప్రకటన మార్చిన లాయరు నాలాంటివాడే అయ్యుంటాడు. మా చదువే అంత: ఒప్పుకుంటే రేపు కోర్టులో అదే సాక్ష్యం. ఈ భయం పోగొట్టడానికి కొన్నిచోట్ల చట్టాలే చేశారు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా 2006లో, ఒంటారియో 2009లో తెచ్చిన క్షమాపణ చట్టాల ప్రకారం, క్షమించమని అడిగినంత మాత్రాన సివిల్ కేసులో బాధ్యత ఒప్పుకున్నట్టు కాదు. అలాంటి రక్షణ లేనిచోట కూడా ‘నేను సరిచూడలేదు’ అనే మాట పెద్ద ప్రమాదమని నాకనిపించదు. విచారణలో తేలిన విషయమే కదా, దాచడానికేముంది?

ఇన్నేళ్ళలో నేను గమనించింది ఇంకొకటుంది. పాతవాళ్ళ తప్పులకు క్షమాపణ చెప్పడం నాయకులకు కొంత సులువు. ఆస్ట్రేలియాలో పాత ప్రభుత్వాలు తల్లిదండ్రుల నుంచి లాక్కుపోయిన ఆదివాసీ పిల్లల కోసం 2008 ఫిబ్రవరి 13న అప్పటి ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అంతకుముందు ప్రధాని హోవర్డ్ ఏళ్ళ తరబడి నిరాకరించారు. రడ్ చేసింది గొప్ప పనే. కానీ ఆ పిల్లల్ని తీసుకెళ్ళింది ఆయన కాదు.

సొంత తప్పును వెంటనే ఒప్పుకున్నవాళ్ళలో నాకు అప్పటి జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ గుర్తొస్తారు. 2021 మార్చిలో ఈస్టర్‌కి కఠినమైన లాక్‌డౌన్ అని ప్రకటించి, మర్నాడే వెనక్కి తీసుకున్నారు. ఆ తప్పు తనొక్కదానిదేనని చెప్పి ప్రజల్ని క్షమాపణ అడిగారు. ఆ ఏడాది ఆవిడ మళ్ళీ పోటీ చేయడం లేదు, అదీ నిజమే. ఎన్నికలు ముందున్న మీ సార్‌కి అంతకన్నా కష్టం.

జవాబు: ఒకప్పుడు పేరు చదివించుకున్న మనిషి

మీరంతా నాయకుడికి ఏమవుతుందనే మాట్లాడుతున్నారు. నా పేరు కూడా ఒకప్పుడు ఇలాగే ఒక జాబితాలో చదివారు. తప్పని తేలాక ఇంటికి ఉత్తరం వచ్చింది, ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని. పేరు చదివినప్పుడు వందలమంది విన్నారు. ఉత్తరం నేనొక్కదాన్నే చదువుకున్నాను. మా అబ్బాయితో మాట్లాడ్డం మానేసిన స్నేహితుల ఇళ్ళకి ఏ ఉత్తరమూ వెళ్ళలేదు.

నెదర్లాండ్స్‌లో పిల్లల సాయం విషయంలో వేలమంది తల్లిదండ్రుల మీద మోసగాళ్ళని ముద్ర వేశారు. 2021 జనవరి 15న ప్రభుత్వం రాజీనామా చేసింది. రాజీనామా వేరు, పోయిన పరువు తిరిగి ఇవ్వడం వేరు.

ఉత్తర ఐర్లాండ్‌లోని డెరీలో 1972 జనవరి 30న బ్రిటిష్ సైనికులు కాల్చి చంపినవాళ్ళ విషయంలో బ్రిటన్ ప్రధాని కామెరాన్ 2010లో క్షమాపణ చెప్పారు. ఆ రోజు ఊరి కూడలిలో చనిపోయినవాళ్ళ బంధువులు ఒక్కొక్కరే వచ్చి తమవాళ్ళ పేరు పలికి ‘నిర్దోషి’ అని చెప్పారు. 38 ఏళ్ళు వాళ్ళు ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసం. మీ సార్ నన్నడిగితే ఒకటే చెబుతాను. అదే సభలో, అదే మైకులో ఆ 31 పేర్లూ మళ్ళీ చదవమనండి.

ప్రశ్న అడిగినవారు మళ్ళీ

నిన్న సాయంత్రం మీ జవాబులన్నీ ప్రింటు తీసి సార్ ముందు పెట్టాను. క్లెగ్ సంగతి కూడా దాచలేదు. కెనడీ గురించి ఒకసారి చదివి పక్కన పెట్టారు. ఉత్తరం అందుకున్న ఆవిడ రాసింది మాత్రం రెండుసార్లు చదివారు. ‘అబ్బాయి స్నేహితులు...’ అని ఆగిపోయారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా మొదటి కాగితం ఉందా అని అడిగారు. ఉంది, ఇచ్చాను.

సీనియర్లలో ఒకాయన ఇంకా ఒప్పుకోవడం లేదు. పేర్లు మళ్ళీ చదివితే మర్చిపోయినవాళ్ళకి కూడా గుర్తుచేసినట్టవుతుంది అంటున్నారు. అది కొట్టిపారేసే మాట కాదు. అందుకే ముందు ఆ 31 మందికీ ఫోన్ చేసి, పేరు చదవమంటారా వద్దా అని అడుగుతున్నాం. ఇప్పటికి 19 మందితో మాట్లాడాం. ఇద్దరు వద్దన్నారు. ఒకాయన నేను చెప్పేది వినకుండానే ఫోన్ పెట్టేశారు. మిగతావాళ్ళు చదవమన్నారు.

సభ గురువారం. జాబితా నేను టైపు చేసి ఇస్తానంటే సార్ వద్దన్నారు. విచారణ ఫైలు తెప్పించుకుని, ఒక్కో పేరూ చూస్తూ తన చేత్తోనే రాసుకుంటున్నారు.