గేట్లు మూసే ఉన్నాయి, నీళ్లు మాత్రం ఆగట్లేదు

హాలియా తమ్ముడు: అన్నలూ, రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నా, ఇప్పుడు రెండున్నర. బ్లెండర్‌లో, అదే 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో, నాగార్జునసాగర్ డ్యామ్ చేస్తున్నా. గేట్లన్నీ మూసే ఉన్నాయి, అయినా నీళ్లు వాటిలోంచే అవతలికి దూకుతున్నాయి. నీళ్లను అడ్డుకునేలా గేట్లకు ఎఫెక్టర్ సెట్టింగ్ పెట్టిన. నాలుగుసార్లు బేక్ చేసిన, అంటే నీళ్ల కదలిక మొత్తం లెక్క కట్టించిన. పొద్దున కాలేజీలో చూపించాలి. ఈ ఫ్లూయిడ్‌తో తల వాచిపోయింది.

దేవరకొండ: గేట్ల సైజు మార్చాక స్కేల్ అప్లై చేశావా?

హాలియా తమ్ముడు: చేసిన అన్నా. అదే కథ.

నల్లగొండ మాస్టారు: ఒక మాట. ఫ్లూయిడ్ అనగానే అందరూ ద్రవం అంటారు. ద్రవమంటే లిక్విడ్. ఫ్లూయిడ్‌కు మాట ప్రవాహి. పొగ కూడా ప్రవాహే, అందుకే బ్లెండర్‌లో గ్యాస్, లిక్విడ్ రెండూ ఫ్లూయిడ్ కిందే ఉంటాయి.

దేవరకొండ: సార్, ఆయనవి నీళ్లు. ద్రవమే.

పాలమూరు అన్న: డొమైన్, అంటే నీళ్ల లెక్క జరిగే పెట్టె, ఎంత పొడవు? రిజల్యూషన్ ఎంత, అంటే ఆ పొడవును ఎన్ని గడులుగా కోశావు? గేటు మందం ఎంత? ఇవి చెప్పకుంటే మేమేం చెప్తాం?

హాలియా తమ్ముడు: అసలు సైజుకే చేసిన. 26 గేట్లు, డొమైన్ 500 మీటర్లు, రిజల్యూషన్ 64. గేటు ఉత్త ప్లేన్, మందమే లేదు.

పాలమూరు అన్న: అట్ల చెప్పు! 500ని 64తో భాగించు. ఒక్కో గడి దాదాపు 8 మీటర్లు. గడికంటే సన్నటి గోడను సాల్వర్, అంటే ఆ లెక్క చేసే ప్రోగ్రామ్, సరిగ్గా పట్టుకోలేదు. జొన్నల జల్లెడలో రాగులు ఆగుతాయా? రెండు గేట్లే సిమ్యులేట్ చెయ్. అక్కడ గేటు వెడల్పు 45 అడుగులు, అంటే 14 మీటర్ల లోపే. 40 మీటర్ల డొమైన్ చాలు. గేటుకు మీటరు మందం ఇవ్వు. రిజల్యూషన్ 80 పెడితే గడి అర మీటరు. ఒకేసారి 160కి పోకు, గడులు ఎనిమిదింతలవుతాయి, నీ ల్యాప్‌టాప్ తెల్లారేదాకా ఊదుతది. మిగతా 24 గేట్లు ఉత్త బొమ్మలుగా పెట్టు.

సూర్యాపేట: ఈ గడుల గొడవెందుకు? ఎస్పీహెచ్ అనే వేరే పద్ధతిలో చేసుకో. 1977లో నక్షత్రాల లెక్కలకు పుట్టింది, గడుల్లేవు, అన్నీ కణాలే.

పాలమూరు అన్న: బ్లెండర్ వాడే ఫ్లిప్ పద్ధతిలోనూ కణాలుంటాయి. ఒత్తిడి లెక్క మాత్రం గడుల మీద.

సూర్యాపేట: అదే కదా లోపం.

దేవరకొండ: పొద్దున చూపించేటోడు ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మారుస్తడా?

నల్లగొండ మాస్టారు: గడి అనండి, కణం మాత్రం అనకండి. ఒంట్లోని సెల్‌కూ ఈ పార్టికల్‌కూ తెలుగులో కణం ఒకటే మాటైంది, అదో తలనొప్పి.

హాలియా తమ్ముడు: 80తో ఆగినయ్. థాంక్స్ అన్నా. మూలకు కొంచెం కారుతోంది. అడిగితే నిజం గేట్లు కూడా కారుతాయని చెప్తా.