ఆమ్కాకు 15,000 కోట్లు: సొంతంగా కట్టుకోవాలా, బయట కొనుక్కోవాలా?

శ్రీను_వరంగల్:
రాడార్‌కు అంత తేలిగ్గా చిక్కని మన స్టెల్త్ యుద్ధ విమానం ఆమ్కాకు 2024 మార్చిలో కేంద్రం దాదాపు 15,000 కోట్లు మంజూరు చేసింది. ఆ డబ్బుతో వచ్చేవి ఐదు నమూనాలే. మన తేలికపాటి యుద్ధ విమానం తేజస్‌ను 1983లో 560 కోట్లతో మొదలుపెడితే మొదటిసారి గాల్లోకి లేచింది 2001 జనవరిలో! అదే ఫ్రాన్స్ యుద్ధ విమానాలు 36 రఫేల్‌లకు 2016లో దాదాపు 59 వేల కోట్లకు సంతకం పెడితే 2022 కల్లా అన్నీ వచ్చేశాయి. తయారుగా ఉన్నది కొనుక్కుంటే సరిపోదా?

మురళి_బాలానగర్:
శ్రీను గారూ, డిజైన్ ఖర్చునూ విమానం ధరనూ ఒకే గాటన కట్టేశారు. డిజైన్ ఖర్చు ఎన్ని విమానాల మీద పంచుతామన్నదే అసలు సంగతి.

నేను పనిచేసేది విమాన విడిభాగాలు కోసే షాపులో. కొత్త పార్టు వస్తే మెషీన్‌కు ప్రోగ్రాం రాయాలి, పార్టును కదలకుండా పట్టుకునే ఫిక్చర్ చేయించాలి, మొదటి పీసుకు డ్రాయింగులోని ప్రతి కొలతా తీసి రిపోర్టు ఇవ్వాలి. అది పాసయ్యాక మిగతావి చకచకా నడుస్తాయి. ఆర్డర్ పది పీసులతో ఆగిపోతే మాత్రం ఆ ఖర్చంతా ఆ పదింటి నెత్తినే పడుతుంది.

అమెరికాకూ ఇదే జరిగింది. ఎఫ్-22 స్టెల్త్ యుద్ధ విమానాలు మొదట 750 అనుకుని, వాయుసేనకు 187 ఇచ్చి ఆపేశారు. మొత్తం ఖర్చు దాదాపు 6,700 కోట్ల డాలర్లు, అంటే ఒక్కోదానికి 35 కోట్ల డాలర్ల పైమాటే. అదనంగా ఇంకొకటి కట్టడానికి అయ్యేది అందులో సగం కూడా లేదు. బీ-2 బాంబర్లు 132 అనుకుని 21 కట్టారు, ఒక్కోటీ 200 కోట్ల డాలర్లు దాటింది.

మన 15,000 కోట్లనూ అలాగే చూడండి. 120 విమానాలు కడితే ఒక్కోదాని మీద 125 కోట్లు. 40తో ఆపేస్తే 375 కోట్లు.

ఇక స్టెల్త్ విమానాన్ని రష్యాతో కలిసి చేద్దామని 2010లో ప్రాథమిక డిజైన్‌కు 29.5 కోట్ల డాలర్లు పెట్టాం. 2018లో బయటికొచ్చేశాం, ఒక్క విమానమూ రాలేదు.

సుజాత_కె:
మురళి గారూ, ఇంజిన్ మాటేమిటి? తేజస్ కోసం మనం చేసుకుంటున్న కావేరి ఇంజిన్‌ను 2008లోనే ఆ విమానం నుంచి విడదీశారు. 2021లో 83 తేజస్‌లకు ఆర్డర్ ఇస్తే, వాటి కోసం అమెరికా నుంచి మొదటి ఇంజిన్ వచ్చింది 2025 మార్చిలో. ఆమ్కా కూడా ముందు అమెరికా ఇంజిన్‌తోనే ఎగరాలి. ఎదురుచూపుల ఖర్చు మీ భాగహారంలో లేదు.

మురళి_బాలానగర్:
నిజమే సుజాత గారూ, ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. అలాగని కొనేస్తే ఆ ఆధారపడటం ఇంజిన్‌తో ఆగదు, మొత్తం విమానానికి పాకుతుంది. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెడితే, తేజస్ ఫ్లైట్ కంట్రోల్ పని మీద అక్కడికెళ్లిన మనవాళ్లు తిరిగి రావాల్సొచ్చింది. ఆ పని ఇక్కడే పూర్తిచేశారు. 2025 మేలో తేజస్ కొత్త రకం మార్క్-1ఏ మధ్య భాగం హైదరాబాద్‌లోని వెమ్ టెక్నాలజీస్ అనే ప్రైవేటు కంపెనీ నుంచి, తేజస్‌లు కట్టే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌కు చేరింది. ఈ పనితనం రఫేల్ ధరలో కలిపి ఎవరూ అమ్మరు.

నా కోపమల్లా ఆర్డర్ల మీదే. తేజస్‌కు 2006లో 20, 2010లో ఇంకో 20, ఆ తర్వాత 2021 దాకా పెద్ద ఆర్డరే లేదు. ఆమ్కా ఎన్ని కొంటారో ముందే రాసివ్వాలి. లేకపోతే ఏ షాపు యజమాని ధైర్యంగా అప్పుచేసి పార్టును ఐదు రకాల కదలికలతో కోసే ఖరీదైన ఐదు యాక్సిస్‌ల మెషీన్ దింపుతాడు?