అద్దె బండా, సొంత బండా: సొంతంగా టాక్సీ నడిపేవారికి ఏది మేలు?

కొత్తదారి

రెండేళ్లుగా అద్దె బండి నడుపుతున్నాను. రోజుకు దాదాపు 200 కిలోమీటర్లు, నెలకు పాతిక రోజులు. వంద వస్తే నలభై అద్దెకు, పాతిక ఇంధనానికి పోతాయి. మిగిలిన ముప్పై ఐదుతోనే ఇల్లు గడవాలి. ఈ అద్దెనే కిస్తీగా కడితే ఐదేళ్లకు బండి మనదవుతుంది కదా అని నా భార్య అంటోంది. లెక్క వేయించి చూస్తే కిస్తీ, అద్దె ఇంచుమించు సమానంగానే వచ్చాయి. కాకపోతే ముందుగా కట్టే సొమ్ముకు మా పొదుపంతా ఊడ్చి పెట్టాలి. ఈ దారిలో నడిచినవారు చెప్పండి, కొనమంటారా, ఆగమంటారా?

సొంతతాళం

కొనండి. పదకొండేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను. మొదటి నాలుగేళ్లు అద్దె బండే. ఆ నాలుగేళ్లలో కట్టిన అద్దెకు నా దగ్గర మిగిలింది రసీదుల కట్ట ఒక్కటే. తర్వాత కొన్న బండికి ఐదేళ్లు కిస్తీలు కట్టాను. రెండేళ్ల క్రితం అవి తీరిపోయాయి. అప్పటి నుంచి మీరు చెప్పిన ఆ నలభై నా ఇంట్లోనే ఉంటోంది. మీటరు నాలుగు లక్షల కిలోమీటర్లు దాటింది, బండి ఈ ఉదయం కూడా మొదటి తిప్పుకే స్టార్ట్ అయింది. మీ భార్య చెప్పింది సరైన మాట.

చివరిట్రిప్పు

రెండు మూడేళ్ల పాత బండి కొంటే ఈ గొడవే ఉండదు.

రాత్రిబండి

సొంతతాళం గారూ, ఆ నాలుగు లక్షల కిలోమీటర్లలో మీరు మార్చిన టైర్లు ఏ లెక్కలో ఉన్నాయి? క్లచ్? ఏటా కట్టిన బీమా? కిస్తీ, అద్దె సమానమనుకోవడమే మొదటి పొరపాటు. అద్దెలో బీమా కలిసి ఉంటుంది, సర్వీసింగ్ కలిసి ఉంటుంది, బండి ఆగిపోతే మరో బండి ఇచ్చే ఏర్పాటు కూడా చాలాచోట్ల ఉంటుంది. కిస్తీలో కిస్తీ తప్ప ఇంకేమీ లేదు. కొత్తదారి గారూ, ఆ ముప్పై ఐదులోంచి మరో పది తీసి పక్కన పెట్టగలరా? పెట్టలేకపోతే మీరు కొనేది బండి కాదు, అప్పు.

పానాపెట్టె

మెకానిక్‌గా నాలుగు మాటలు. నెలకు 5,000 అంటే ఏడాదికి 60,000 కిలోమీటర్లు. ఇంటి బండి నాలుగైదేళ్లలో తిరిగే దూరం అది. టైర్లు ఏడాదికోసారి మార్చవలసి వస్తుందనే అనుకోండి. ఇంజనుకు టైమింగ్ బెల్టు ఉంటే చాలా బండ్లలో లక్ష కిలోమీటర్ల ప్రాంతంలో మార్చాలి. రెండేళ్లు తిరగకుండానే ఆ లక్ష వచ్చేస్తుంది. ఇంకొన్నాళ్లు చూద్దామని వాయిదా వేసి, బెల్టు తెగి, వాల్వులు వంగిపోయి వచ్చిన బండ్లు ఎన్నో విప్పాను.

పాత బండి కొనమన్న మిత్రుడికి: మీటరు చూసి మోసపోవద్దు, పెడల్ చూడండి. మొన్న ఒకాయన 60,000 తిరిగిన బండి అని నా దగ్గరికి తెచ్చాడు. క్లచ్ పెడల్ మీద రబ్బరు గీతలన్నీ అరిగి గోరులా నునుపుగా ఉంది, కుడి అంచున కింది ఇనుము కనిపిస్తోంది. అరవై వేలకు అలా అరగదు. డ్రైవరు సీటు అంచు, స్టీరింగ్ మీద చేతులు పట్టే చోటు కూడా తడిమి చూడాలి.

సొంతతాళం

టైర్లు, బెల్టు మాకు తెలియనివి కావు. కొత్తదారి గారూ, మీరు పాతిక రోజులు నడుపుతున్నారు. అద్దె ఎన్ని రోజులకు కడుతున్నారు? పాతిక్కా, ముప్పైకా?

కొత్తదారి

ముప్పైకి. సెలవు రోజుకూ పడుతుంది.

సొంతతాళం

అదీ విషయం. నెలకు ఐదు రోజులు మీ ఇంటి ముందు కదలకుండా నిలబడిన బండికి అద్దె కడుతున్నారు. ఏడాదికి 60 రోజులు. రెండు నెలల అద్దె గాలికి పోతోంది.

రాత్రిబండి

కిస్తీకి సెలవు ఉందా? ఐదు రోజులు నడపలేదని అప్పిచ్చినవాడు ఐదు రోజుల వడ్డీ మానుకుంటాడా? నిలబడిన బండికి అద్దె కట్టడం వృథా అయితే కిస్తీ కట్టడమూ వృథాయే.

సొంతతాళం

కాదు. కిస్తీ కట్టినప్పుడు ఆ రోజు కూడా బండిలో కొంత భాగం నాదవుతుంది. అద్దె కట్టినప్పుడు ఏమవుతుంది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి.

రాత్రిబండి

చెప్పాను. బీమా, సర్వీసింగ్, మరమ్మతు.

సొంతతాళం

సెలవు రోజున మరమ్మతా? నేను అడిగింది సెలవు రోజు గురించి.

లెక్కలపుస్తకం

ఇద్దరూ సెలవు రోజు దగ్గరే ఆగిపోయారు. మా నాన్న టాక్సీ నడిపేవారు. ఆయన అప్పు కాగితాలు చదవడంతోనే నాకు లెక్కలు అలవాటయ్యాయి. కాబట్టి "కొంత భాగం నాదవుతుంది" అన్న మాటను తూకం వేసి చూద్దాం.

కొత్తదారి గారూ, మీకు చెప్పిన వడ్డీ ఫ్లాటా, తగ్గే బాకీ మీదా? ముందు అది అడగండి. వంద అప్పు, ఐదేళ్లు, పది శాతం ఫ్లాట్ అనుకుందాం. మొత్తం కట్టేది 150, నెలకు రెండున్నర. వినడానికి పది శాతమే. కానీ మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రోజున్న వంద మీదే వేస్తున్నారు. తగ్గే బాకీ మీద చూస్తే అది ఏడాదికి 17 శాతం పైనే. మొదటి ఏడాది 30 కడతారు, అందులో అసలుకు చేరేది 14 మాత్రమే. రెండేళ్లు పూర్తయ్యేసరికి 60 కట్టి ఉంటారు, అప్పు ఇంకా 70 దాకా ఉంటుంది. అప్పటికి మీ బండి 1,20,000 కిలోమీటర్లు తిరిగి ఉంటుంది. దానికి ఎవరైనా ఆ 70 ఇస్తారా అని మీ ఊహలోనే ఒకసారి బేరం ఆడి చూడండి.

బీమాలోనూ ఇదే చిక్కు. బండి పూర్తిగా దెబ్బతింటే మామూలు బీమా కంపెనీ ఇచ్చేది ఆనాటికి లెక్కగట్టిన బండి విలువే. మీ అప్పు ఎంత ఉందన్నది వాళ్లకు అనవసరం. ఆ తేడా మీ నెత్తినే పడుతుంది. ఇంకొకటి, ఇంటి వాడకానికి తీసుకున్న బీమాతో ప్రయాణికులను ఎక్కించుకుంటే సాధారణంగా పరిహారం రాదు. టాక్సీకి వేరే బీమా కావాలి, దానికి ఎక్కువ కట్టాలి. కిస్తీ లెక్క వేసినప్పుడు దీన్ని కలిపారా?

కొత్తదారి

కలపలేదు. ఫ్లాట్ అనే రాసి ఉంది.

దూరప్రయాణం

న్యూయార్క్‌లో టాక్సీ మెడాలియన్లు కొన్నవారి సంగతి గుర్తు చేసుకోండి. 2014 ప్రాంతంలో ఒక్కో మెడాలియన్ ధర పది లక్షల డాలర్లు దాటింది. యాప్ టాక్సీలు వచ్చాక కొన్నేళ్లలోనే రెండు లక్షలకు దిగువకు పడిపోయింది. అప్పు చేసి కొన్న డ్రైవర్లు చాలామంది పెద్ద బాకీల్లో కూరుకుపోయారు. పాళీకి ఇంతని అద్దె కట్టి నడిపినవారికి ఆ బాకీ లేదు.

సొంతతాళం

మెడాలియన్ అంటే టాక్సీ నడిపే అనుమతి, బండి కాదు. 1937లో చట్టం తెచ్చి వాటి సంఖ్యను కట్టడి చేశారు కాబట్టి ధర అంత పెరిగింది, కట్టడి లేని యాప్ బండ్లు రాగానే కూలింది. బండికీ దానికీ పోలిక ఏమిటి? అనుమతి విలువ పోతే చేతిలో కాగితమే. బండి విలువ తగ్గినా రేపు ఉదయం ప్రయాణికుడిని ఎక్కించుకుంటుంది.

లెక్కలపుస్తకం గారూ, మీ లెక్క రెండో ఏడాది దగ్గర ఆగింది. ఐదో ఏడాది, ఏడో ఏడాది కూడా వేయండి. 2021లో చిప్‌ల కొరత వచ్చి కొత్త బండ్లు దొరక్క పాత బండ్ల ధరలు పెరిగాయి. నా బండికి అప్పుడు పలికిన ధర అంతకు రెండేళ్ల ముందు పలికినదానికన్నా ఎక్కువ. అద్దె బండి నడిపేవారికి ఆ లాభంలో ఒక్క పైసా వచ్చిందా?

రాత్రిబండి

2021 గుర్తుంది, 2020 గుర్తులేదా? ప్రయాణికులే లేని ఆ నెలల్లో అద్దె బండ్లవారు తాళం తిరిగి ఇచ్చేసి ఇంట్లో కూర్చున్నారు. ఆకలి ఉందేమో గానీ అప్పు లేదు. కొన్నవారికి ఆకలీ ఉంది, అప్పూ ఉంది.

విద్యుత్‌బాట

ఎవరూ విద్యుత్ బండి మాట ఎత్తలేదు. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది అని చాలా కంపెనీల వారంటీ. ఇంటివారికి ఎనిమిదేళ్లు. మనకు ఏడాదికి 60,000 చొప్పున మూడేళ్లు నిండకముందే వారంటీ చెల్లిపోతుంది. టాక్సీ వాడకానికి వర్తిస్తుందా అన్నది వేరే చూసుకోవాలి. నేనైతే మొదట అద్దెకు తీసుకునే నడిపి చూస్తున్నాను.

సొంతతాళం

రాత్రిబండి గారూ, ఒక మాట అడుగుతాను. మీకు సొంత బండి మీద ఇంత కోపం ఎందుకు? ఎప్పుడైనా కొన్నారా? కొననివారు కొనేవారిని భయపెట్టడం నేను చాలా చూశాను.

రాత్రిబండి

కొన్నాను. మూడేళ్లు కిస్తీలు కట్టాను, ఒక్క రోజు ఆలస్యం చేయలేదు. నాలుగో ఏడాది నడుములో డిస్క్ జారింది. రోజుకు పన్నెండు గంటలు సీటులో కూర్చునేవారికి ఇది కొత్త జబ్బు కాదు. నలభై రోజులు మంచం మీద ఉన్నాను. కిటికీలోంచి బండి కనిపించేది, పైన దుమ్ము పేరుకుపోయి, ముందు అద్దం మీద ఎవరో పిల్లలు వేలితో గీసిన బొమ్మతో. దాన్ని చూస్తూ ఎన్ని రోజులు నడిపితే ఈ నెల కిస్తీ వస్తుందో లెక్కపెట్టుకునేవాణ్ణి. మూడు కిస్తీలు తప్పాయి. మనుషులు వచ్చి తీసుకుపోయారు. వేలంలో వచ్చింది బాకీకి సరిపోలేదని మిగతాది కూడా నా దగ్గరే వసూలు చేశారు. డిక్కీలో ఉన్న నా కూతురి చిన్న సీటు అడిగి దించుకున్నాను. మూడేళ్లు కట్టినదానికి నా చేతికి తిరిగి వచ్చింది ఆ సీటు.

ఇప్పుడు అడగండి, ఎప్పుడైనా కొన్నారా అని.

సొంతతాళం

అలా అడిగి ఉండకూడదు. క్షమించండి.

నాదీ చెబుతాను. అద్దె బండి నడిపిన నాలుగో ఏడాది, వారానికి మూడు రోజులు తెల్లవారుజామున అయిదు గంటలకు ఒక పెద్దాయనను డయాలిసిస్‌కు తీసుకువెళ్లేవాణ్ణి. ఏడాదిన్నరగా. ఒక రాత్రి పదకొండింటికి బండి యజమాని ఫోన్ చేశాడు. నాకన్నా ఎక్కువ ఇచ్చేవాడు దొరికాడట, తాళం తెచ్చి ఇవ్వమన్నాడు. ఒక్క బాకీ లేదు నాకు. ఆ తెల్లవారి ఆ పెద్దాయన గుమ్మంలో కర్ర పట్టుకుని ముప్పావు గంట నిలబడ్డారని తర్వాత తెలిసింది. బండి లేదని ఆయనకు ఫోన్ చేసి చెప్పే ధైర్యం లేక ఊరుకున్నాను. ఆయన మళ్లీ నాకు ఫోన్ చేయలేదు. అదనపు సొమ్ము కోసం నేను కొనలేదు. నా బండిని రాత్రికి రాత్రి ఎవరూ పట్టుకుపోకూడదని కొన్నాను.

రాత్రిబండి

నా బండినీ పట్టుకుపోయారు కదండీ. కాగితం మీద నా పేరే ఉంది.

సొంతతాళం

నిజమే. కానీ మీకు మూడు నెలలు పట్టింది. నాకు ఒక్క ఫోన్ పట్టింది.

రాత్రిబండి

ఆ మూడు నెలల ధర మీరు కట్టలేదు కాబట్టి తక్కువ అనిపిస్తోంది. నేను ఈరోజు పడిపోతే రేపు తాళం ఇచ్చేసి మంచం మీద పడుకోవచ్చు. నాకు అదే కావాలి. మీకు మీ పని చేజారకపోవడం కావాలి. మీరు చెప్పింది మీకు సరి. రోజంతా సీటులో కూర్చునే నడుముతో, పొదుపంతా ఊడ్చి, ఫ్లాట్ వడ్డీకి దిగమని మరొకరికి చెప్పడం మాత్రం నేను ఒప్పుకోను.

సొంతతాళం

పొదుపంతా ఊడ్చమని నేనూ చెప్పను. నేను కొన్న రోజున ఆరు నెలల కిస్తీ పక్కన ఉంది. ఆ మాట మొదటే రాసి ఉండాల్సింది.

లెక్కలపుస్తకం

అన్నా, ఈ చర్చలో అన్నిటికన్నా పెద్ద మాటను ఇన్ని రాతల కింద దాచారు.

చివరిట్రిప్పు

ఆరు నెలలా! ఎవరి దగ్గర ఉంటుందండీ?

కొత్తదారి

అందరి మాటలూ రాత్రి నా భార్యకు చదివి వినిపించాను. డయాలిసిస్ పెద్దాయన దగ్గర తను ఆపమంది. కాసేపటికి, మన దగ్గర ఆరు నెలలది కాదు, ఒక నెలది కూడా మిగలదు కదా అంది.

ఈ ఉదయం నా బండి యజమానిని మూడు అడిగాను. సెలవు రోజుల్లో నెలకు రెండింటికైనా అద్దె తగ్గిస్తారా? బండి వెనక్కి కావాలంటే నెల ముందు చెబుతారా? నాకు ఒంట్లో బాగాలేకపోతే మూడు రోజుల ముందు చెప్పి తాళం ఇచ్చేయవచ్చా? మొదటిదానికి కుదరదన్నాడు. మూడోదానికి సరేనన్నాడు. రెండోదానికి నెల కాదు, పదిహేను రోజులు అన్నాడు.

సొంతతాళం

ఆ పదిహేను రోజులను కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. నాకూ నోటి మాట ఉండేది.

రాత్రిబండి

డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తాడో అదీ రాయించండి. తాళం ఇచ్చే రోజున బండిని నాలుగు వైపులా, మీటరుతో సహా ఫోటోలు తీయండి, గీతలకు మిమ్మల్ని బాధ్యుణ్ణి చేయకుండా.

సొంతతాళం

అవును, ఫోటోలు పగటి వెలుతురులో తీయండి.