పాస్ట్ టెన్స్ ప్రశ్నలు నేర్పే ఆటలు ఏమైనా చెబుతారా?

టీచర్లందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక పల్లెలో ప్రభుత్వ బడిలో ఇంగ్లీష్ చెబుతున్నాను. మా ఏడో తరగతి పిల్లలు ‘డిడ్’ తర్వాత క్రియ మొదటి రూపమే రావాలని గడగడా అప్పజెప్తారు. మాట్లాడమంటే మాత్రం ‘డిడ్ యూ వెంట్?’ అంటారు.

ప్రిపోజిషన్లకు ఒక ఆట బాగా కుదిరింది. ఒకరిని బయటికి పంపి చాక్‌పీస్ దాచేస్తాం. లోపలికొచ్చాక ‘ఈజ్ ఇట్ అండర్ ద బెంచ్?’, ‘ఈజ్ ఇట్ బిహైండ్ ద డోర్?’ అని అడుగుతూ కనుక్కోవాలి. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల కూడా ‘నేను, నేను’ అని చెయ్యెత్తుతోంది! చూస్తుంటే ఎంత సంతోషమో.

పాస్ట్ టెన్స్‌కూ అలాంటిదే కావాలి. తిరుపతి గంగమ్మ జాతర చూసొచ్చిన పిల్లల్ని నిలబెట్టి, రెండు జట్లతో ‘డిడ్ యూ సీ...’, ‘వాట్ డిడ్ యూ ఈట్?’ అని అడిగిద్దామనుకుంటున్నాను. తప్పుకు పాయింట్ తీసేస్తే ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్నవాళ్లు మళ్లీ ముడుచుకుపోతారేమోనని టెన్షన్.

తప్పుల్ని అక్కడికక్కడే దిద్దాలా, ఆట అయ్యాక బోర్డు మీద రాసి వాళ్లతోనే దిద్దించాలా? బెంచీలు జరపడానికి చోటులేని గదిలో, ఒక్క పీరియడ్‌లో అయిపోయే ఆటలుంటే దయచేసి చెప్పండి.