చర్చ: పంచాంగం ఇచ్చిన జంతువా, గట్టు మీద కనబడే జంతువా? మనకు గుర్తుగా ఏది నిలుస్తుంది?

వశిష్ఠ రేవు (చర్చ మొదలుపెట్టినవారు):

నెట్‌లో పది ప్రశ్నలకు జవాబులిస్తే "మీ స్పిరిట్ యానిమల్ తోడేలు" అని వస్తోంది. ఆ జాబితాల్లో తోడేలు, ఎలుగు, గ్రద్ద తప్ప మన లంకల్లో, చేలల్లో, రేవుల్లో తిరిగే ప్రాణులు కనబడవు. కోనసీమలో పుట్టినవాడు తోడేలును తలుచుకుని ధైర్యం తెచ్చుకోవాలంటే ముందు దాని ఫొటో వెతుక్కోవాలి.

ఒక జంతువును తన స్వభావానికి గుర్తుగా, కష్టకాలంలో తలుచుకునే ఆసరాగా పెట్టుకోవాలన్న కోరికలో తప్పు లేదు. అలా కోరుకునేవాళ్లకు మనవైపు రెండు దారులున్నాయి. ఒకటి పంచాంగంలో జన్మ నక్షత్రానికి రాసిన జంతువు. రెండోది, రోజూ కంటబడే జంతువుల్లోంచి చూసి చూసి తనే ఎంచుకోవడం. నా ఓటు రెండోదానికి. నక్షత్ర జంతువు పెళ్లి పొంతన కోసం పుట్టిన లెక్క, దాన్ని మనిషి స్వభావానికి అంటగట్టడం ఈమధ్య వచ్చిన అలవాటు. కాదనేవాళ్లు కారణాలతో రండి. "నాకిలా జరిగింది" అన్న కథలు వద్దు, విషయం చెప్పండి.

తిథి వారం:

పంచాంగంలోని నక్షత్ర జంతువుల పట్టికను పక్కన పెట్టే ముందు అందులో ఏముందో చూద్దాం. చాలామందికి సగమే తెలుసు.

27 నక్షత్రాలకు 14 జంతువులు. అశ్విని, శతభిషం గుర్రం. భరణి, రేవతి ఏనుగు. కృత్తిక, పుష్యమి మేక. రోహిణి, మృగశిర పాము. ఆరుద్ర, మూల కుక్క. పునర్వసు, ఆశ్లేష పిల్లి. మఖ, పుబ్బ ఎలుక. ఉత్తర, ఉత్తరాభాద్ర ఆవు. హస్త, స్వాతి దున్న. చిత్త, విశాఖ పులి. అనూరాధ, జ్యేష్ఠ లేడి. పూర్వాషాఢ, శ్రవణం కోతి. ధనిష్ఠ, పూర్వాభాద్ర సింహం. ఇక ఉత్తరాషాఢకు ముంగిస, దానికి జత లేదు. 28వదిగా అభిజిత్తును కలిపితే ఆ జత పూర్తవుతుంది.

ఇది పొంతనలో యోని కూటం. 36 గుణాల్లో దీనికి 4. ఇద్దరిదీ ఒకే జంతువైతే నాలుగూ వస్తాయి, శత్రు జంతువులైతే సున్నా. ఆవుకు పులి, ఏనుగుకు సింహం, గుర్రానికి దున్న, కుక్కకు లేడి, పాముకు ముంగిస, కోతికి మేక, పిల్లికి ఎలుక శత్రువులు. రేవు గారన్నది నిజమే, ఇది దంపతుల కోసం పుట్టిన లెక్కే.

తప్పు ఎక్కువగా జరిగేది నక్షత్రం తేల్చడంలో. పేరు మొదటి అక్షరంతో తీసిన నామ నక్షత్రాన్ని జన్మ నక్షత్రమనుకుంటారు. పెద్దలు ముద్దుగా పెట్టిన పేరుకూ పుట్టిన ఘడియకూ సంబంధం ఉండాలని లేదు. చంద్రుడు ఒక నక్షత్రంలో సుమారు ఒక రోజు ఉంటాడు కాబట్టి తేదీ ఒక్కటే చాలదు, సమయం కావాలి. నక్షత్రం మారే వేళకు దగ్గరగా పుట్టినవాళ్లు ఆకాశంలో కనబడే గ్రహస్థితితో కట్టే దృక్ పంచాంగం, పాత గ్రంథాల లెక్కతో కట్టే పూర్వ సిద్ధాంత పంచాంగం రెండూ చూడాలి, రెంటికీ ఘడియల తేడా ఉంటుంది. ఆ తేడాలో పుబ్బ వెళ్లి ఉత్తర వస్తే ఎలుక కాస్తా ఆవవుతుంది. పాదం మారితే మాత్రం జంతువు మారదు.

నేను పట్టిక వైపు ఉన్నది ఒకే కారణంతో. ఎంచుకోమని వదిలేస్తే అందరూ పులినో, సింహాన్నో, గరుత్మంతుణ్నో ఎంచుకుంటారు. ఎలుకను ఎవరు కోరుకుంటారు? మనకు నచ్చనిది చేతికొచ్చినప్పుడే దాన్ని నిజంగా చూడటం మొదలవుతుంది. మనం కోరి తెచ్చుకున్న గుర్తు మన గొప్పనే మనకు తిప్పి చూపిస్తుంది.

మడ అడవి:

వారం గారి చివరి మాట బలమైనది, దానికి తర్వాత వస్తాను. ముందు రెండో దారిలో నడిచేవాళ్లు ఎక్కడ తప్పుతున్నారో చెప్పాలి.

జంతువును పోల్చుకోవడంలోనే మొదటి తప్పు. "గరుడ పక్షి రోజూ మా ఇంటిమీద తిరుగుతోంది" అనేవాళ్లలో చాలామంది చూస్తున్నది మామూలు గద్దను. ఎదిగిన గరుడ పక్షికి తల, రొమ్ము తెలుపు, ఒళ్లు ఇటుక రంగు, తోక చివర గుండ్రం. గద్ద ఒళ్లంతా గోధుమ రంగు, తోక చివర చీలి ఉంటుంది. గరుడ పిల్ల కూడా గోధుమ రంగే, అందుకని రంగు కాకుండా తోక చూడండి. ఇంకో మాట. కోరంగి మడ అడవుల్లో, కాకినాడ రేవులో ఈ పక్షి ఎక్కువగా తినేది చచ్చిన చేపలు, పీతలు. వేరే పక్షి నోట్లోది లాక్కోవడమూ ఉంది. పాముల్ని చీల్చే వీరుడన్న పురాణ చిత్రం ఒక్కటే మనసులో పెట్టుకుంటే పక్షిని సగమే తీసుకున్నట్టు. దొరికినదాన్ని వృథా పోనివ్వని ఓపిక కూడా ఆ పక్షిలో ఉంది, బతుకులో ఎక్కువ రోజులు పనికొచ్చే గుణం అదే.

రెండో తప్పు, ఎక్కువసార్లు కనబడితే సంకేతమనుకోవడం. కాకి, గోరింక, కొంగ ఎవరికైనా రోజూ కనబడతాయి. దమ్ము చేస్తున్న ట్రాక్టర్ వెనక తెల్ల కొంగలు బారులు తీరేది బురదలోంచి పైకొచ్చే పురుగుల కోసం. కొంగ తల, మెడ లేత నారింజ రంగుకు తిరిగితే అది జతకట్టే కాలం, కొత్త పక్షి కాదు. ఎండాకాలం కాలవలు కట్టేశాక లకుముకి పిట్టలు చెరువుల దగ్గర గుమిగూడతాయి, అది నీటి లెక్క.

పద్ధతిగా చేయాలనుకుంటే: ఒక మండలం, అంటే 40 రోజులు. ఒకే చోటు, ఒకే వేళ, 20 నిమిషాలు. పొద్దున్నే అయితే మంచిది. నోటుపుస్తకంలో మూడు గడులు గీయండి. మొదటి గడిలో జంతువు ఏం చేసిందో మాత్రమే. "గంభీరంగా కూర్చుంది" అని రాయకూడదు, "పదకొండు నిమిషాలు కదల్లేదు, తర్వాత నేలమీదకు దూకి మిడతను పట్టింది" అని రాయాలి. రెండో గడిలో ఆ రోజు మీ మనసు ఎలా ఉందో. మూడోది అర్థం, దాన్ని 40వ రోజు దాకా ఖాళీగా ఉంచాలి. ఏమీ కనబడని రోజులు కూడా రాయాలి. అవి రాయకపోతే చివర్లో లెక్క మోసం చేస్తుంది, కనబడిన రోజులే గుర్తుంటాయి కాబట్టి. మూడో గడి ముందే నింపితే నాలుగో రోజు నుంచి మీరు చూసేది జంతువును కాదు, మీ అర్థాన్ని.

ఆలివ్ రిడ్లీ తాబేలును మాతృప్రేమకు గుర్తుగా పెట్టుకుంటున్నారు. జనవరి నుంచి మార్చి మధ్య హోప్ ఐలాండ్ లాంటి ఇసుక తీరాలకొచ్చి గొయ్యి తవ్వి వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఆ రాత్రే సముద్రంలోకి వెళ్లిపోతుంది. తల్లి మళ్లీ రాదు. సుమారు 45 నుంచి 60 రోజులకు పిల్లలే బయటికొచ్చి వెలుతురు వైపు నడుస్తాయి, తీరాన లైట్లుంటే దారి తప్పుతాయి. ఈ జీవిలో మాతృప్రేమ వెతకడం దానికీ మనకీ అన్యాయం. చేయాల్సింది చేసి వదిలేయడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు మాత్రం ఇంతకన్నా మంచి గుర్తు లేదు.

పాత నిఘంటువు:

చిన్న సవరణ, రేవు గారూ. తోడేలు జాబితా అమెరికా మూలవాసుల సంప్రదాయం కూడా కాదు. ఉత్తర అమెరికా పెద్ద సరస్సుల దగ్గరి ఒజిబ్వే ప్రజల మాట డూడెమ్, అంటే వంశం. సారసం, ఎలుగు, చేప లాంటివి వంశాల పేర్లు, తండ్రి నుంచి వస్తాయి, ఒకే డూడెమ్ వాళ్లు పెళ్లాడకూడదు. అచ్చంగా మన గోత్రం. జాన్ లాంగ్ అనే వర్తకుడు 1791లో అచ్చయిన తన పుస్తకంలో ఆ మాటను ఇంగ్లీషులోకి (టోటెమ్) తెస్తూ వంశ చిహ్నాన్నీ, ఒక్కొక్కరిని కాపాడే ప్రాణినీ కలిపేశాడు. ఆ గందరగోళం ఇంకా నడుస్తోంది. ఆ ఖండంలో సొంత రక్షక ప్రాణి ఉన్న తెగల్లోనూ అది పెద్దల చెప్పుచేతల్లో, ఉపవాసంతో, ఏకాంతంలో దొరికేది. అందుకే "స్పిరిట్ యానిమల్" అన్న మాటను అందరూ తేలిగ్గా వాడితే అక్కడివాళ్లు నొచ్చుకుంటారు. మనం వాడకపోతేనే మర్యాద.

మనకు కొదవేముంది? సప్త గోదావరుల్లో, అంటే గోదావరి ఏడు పాయల్లో, కౌశిక ఉంది, భరద్వాజ ఉంది. ఋషుల పేర్లే, కానీ కౌశికమంటే గుడ్లగూబ, భరద్వాజమన్నా ఒక పిట్టే. ఓడలరేవు దగ్గర సముద్రంలో కలిసే వైనతేయ పాయ పేరుకు అర్థం వినత కొడుకు, సాక్షాత్తూ గరుత్మంతుడు. ఆ కౌశికాన్నే ఇంటిమీద వాలితే అరిష్టమని తరుముతున్నాం. బెంగాల్‌లో తెల్ల గుడ్లగూబ లక్ష్మీదేవి వాహనం. అర్థం పక్షిలో లేదు, ఊరూరా మారుతోంది.

పుట్టమన్ను:

అందరూ అర్థాల గురించే మాట్లాడుతున్నారు. ఆ అర్థం వల్ల జంతువుకు ఏం జరుగుతోందో కూడా లెక్కలోకి రావాలి.

దసరాకు పాలపిట్టను చూస్తే శుభమన్నది ఎగురుతున్న పిట్ట గురించి. దాని నీలం రెక్క విప్పితేనే కనబడుతుంది, తీగమీద కూర్చుంటే మట్టిరంగు పిట్టే. దాన్ని పట్టి, కాళ్లు కట్టి, వీధుల్లో డబ్బులకు చూపిస్తారు. అలా పట్టినవి చాలా వరకు బతకవు. డబ్బిచ్చి చూసినవారే వచ్చే ఏడు ఇంకో పిట్టను పట్టిస్తున్నారు. చిలక జోస్యానికి పంజరంలో పెట్టిన రామచిలకదీ అదే స్థితి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం రెండూ నేరమే.

నాగుల చవితికి పాము పాలు తాగదు. దానికి పాలు అరగవు, నీళ్లు లేక మాడ్చితే ఏ ద్రవమైనా తాగుతుంది, అంతే. పుట్ట కన్నంలో లీటర్ల కొద్దీ పోస్తే లోపల పులిసి చీమలు చేరతాయి. రోహిణి, మృగశిర వాళ్లయినా, పామును తమ గుర్తనుకునే ఎవరైనా, పాలు పుట్ట పక్కన మట్టి ప్రమిదలో పెట్టి నమస్కరించండి. పసుపు, కుంకుమ కన్నంలో వేయకండి. చేలో పుట్ట ఉంటే ట్రాక్టర్‌తో చదును చేయకుండా గట్టువార వదలండి.

నా కొలబద్ద ఇది: మీ గుర్తు వల్ల ఆ జంతువుకు ఈ ఏడాది ఒక మేలైనా జరిగిందా? లేకపోతే అది పటం మాత్రమే.

వశిష్ఠ రేవు:

పుట్టమన్ను గారి కొలబద్ద ఒప్పుకుంటున్నాను. నిఘంటువు గారి సవరణ కూడా. ఇకపై ఆ ఇంగ్లీషు మాట వాడను.

వారం గారితో మాత్రం పేచీ ఉంది. పట్టికలో పులి, సింహం, ఏనుగు, గుర్రం. డెల్టాలో వీటిని ఎక్కడ చూస్తాం? మన నీటి ప్రాణి ఒక్కటీ అందులో లేదు. కోరంగిలో నీటికుక్క ఉంది, చేపలు పట్టే బావురుపిల్లి ఉంది. పులస ఉంది. సముద్రంలో ఇలసగా ఉన్నది గోదావరికి వరద ఎర్రనీళ్లు రాగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. ఇంతకన్నా మన గుర్తు ఏముంటుంది?

మడ అడవి:

పులసను తీసుకుంటే మొత్తం తీసుకోండి. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. చేప ఎంత ఈదినా దారి అక్కడ మూసుకుపోతుంది. గుడ్లున్న చేపకే ధర ఎక్కువ, వలలు కాసేదీ దానికోసమే. ఎదురీత గొప్పదనే చెప్పి ఆనకట్టను చెప్పకపోతే, గోడ ముందు నిలబడ్డవాడికి ఆ గుర్తు "ఇంకా గట్టిగా ఈదు" అనే చెబుతుంది. కొందరికి ఆ సలహా ప్రమాదం.

వారం గారికి బాకీ ఉన్న జవాబు ఇది. నచ్చనిది చేతికి రావాలన్నది నిజం. కానీ పట్టిక "ఎలుక" అని ఊరుకుంటుంది. ఏ ఎలుక? ఇంట్లో చిట్టెలుకా, పొలం ఎలుకా, పందికొక్కా? మూడింటి బతుకులు వేరు. పట్టిక ప్రశ్న ఇస్తుంది, జవాబు చేలోకి వెళ్లి తెచ్చుకోవాలి.

తిథి వారం:

పట్టిక దేశమంతటికీ రాసింది కాబట్టి నీటికుక్క లేదన్నది లోటే. "ఏ ఎలుక" అన్నదానికి నా దగ్గర జవాబు లేదు, శాస్త్రం మూషకమనే ఆపింది. మరి మఖ, పుబ్బ వాళ్లు చేలో ఏం చూడాలో, ఎలా చూడాలో కూడా మీరే చెప్పండి. గుర్తు వచ్చిందని ఎలుకను చంపొద్దంటే రైతు ఒప్పుకోడు.

మడ అడవి:

చంపొద్దని అనను, పంట పంటే. సార్వా కోత అయ్యాక గట్టు మీద బొరియలన్నీ సాయంత్రం మట్టితో మూయండి. తెల్లారి తెరుచుకున్నవే ఎలుకలున్నవి. పందికొక్కైతే తాజా మట్టి కుప్ప పోసి ఉంటుంది, తవ్వితే లోపల వరి కంకులు దాచిన అర కనబడుతుంది. ఎన్ని కంకులు, ఎంత లోతున, తేమ తగలకుండా ఎటువైపున పెట్టిందో మొదటి గడిలో రాయండి. పక్కనే చేలో ఒక కర్రకు అడ్డకర్ర కట్టి పాతండి, రాత్రికి గుడ్లగూబ వాలడానికి. మఖవాళ్ల నోటుపుస్తకంలో ఎలుక ఒక్కటే ఉంటే చాలదు, దాన్ని తినడానికి వచ్చే కౌశికం కూడా అదే పేజీలో పడాలి.