‘కరెంటు తక్కువ వచ్చి మోటారు కాలింది’: ఇందులో కరెంటు అంటే ఏది?

దేవరకొండ నుంచి ఒక ఉపాధ్యాయుడు:
మా వైపు బోరు మోటారు కాలినప్పుడల్లా వినిపించే మాట ఇది. పదో తరగతిలో జౌల్ నియమం చెబుతుంటే ఒక అమ్మాయి దీన్నే పట్టుకుంది. “తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందన్నారు కదా సార్, కరెంటు తగ్గితే మోటారు చల్లగా ఉండాలి గానీ కాలడమేమిటి?” మాట తప్పా, పాఠం తప్పా?

నల్లగొండ నుంచి:
రెండూ తప్పు కావండీ. ఆ వాక్యంలో కరెంటు అంటే వోల్టేజీ. మన వాడుకలో ఈ మాట విద్యుత్తు మొత్తానికి పేరు. కరెంటు పోయిందంటే సరఫరా, కరెంటు బిల్లు అంటే వాడిన శక్తి. బిల్లులో ఆంపియర్లకు లెక్క కట్టరు, యూనిట్లకే కడతారు. యూనిట్ అంటే కిలోవాట్ గంట. పాఠ్యపుస్తకం మాత్రం ఆంపియర్లలో కొలిచే ప్రవాహాన్నే కరెంటు అంటుంది. బల్బు మసకబారినప్పుడు ఈ తేడా బయటపడదు, ఎందుకంటే అక్కడ వోల్టేజీతో పాటు ప్రవాహమూ తగ్గుతుంది. చిక్కంతా మోటారు దగ్గరే.

415 వోల్టులు రావాల్సిన చోట 330 వచ్చాయనుకోండి. నీళ్లు ఎత్తే పని దాదాపు అంతే ఉంటుంది కనుక మోటారు తీసుకునే సామర్థ్యం (సెకనుకు వాడే శక్తి, వోల్టులూ ఆంపియర్లూ కలిసి ఇచ్చేది) పెద్దగా తగ్గదు. వోల్టులు తగ్గిన లోటును ఆంపియర్లు పూడ్చాలి. లోపల జరిగేది ఇదీ: బయటి చుట్టల్లో పుట్టి గుండ్రంగా తిరిగే అయస్కాంత క్షేత్రం బలహీనపడుతుంది, రోటారు (మోటారు లోపల తిరిగే భాగం) దాని వేగం కంటే ఇంకాస్త వెనకబడుతుంది. ఆ వేగాల తేడా పెరిగేకొద్దీ ఫారడే 1831లో చూపిన ప్రేరణ వల్లే రోటారులో ప్రవాహం పెరుగుతుంది, దానికి తగ్గట్టు బయటి చుట్టలూ లైను నుంచి ఎక్కువ లాగుతాయి. లెక్కకు ప్రవాహం సుమారు నాలుగో వంతు పెరుగుతుంది, వేడి ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది. ఆ అమ్మాయిని స్టార్టరు పెట్టె దగ్గరికి తీసుకెళ్లండి. రెండు మీటర్లూ పనిచేసే పెట్టె దొరికితే (అదే కష్టం!) వోల్టుల ముల్లు పడినప్పుడు ఆంపియర్ల ముల్లు లేవడం కళ్లారా చూస్తుంది.

మహబూబ్‌నగర్ నుంచి:
పిల్లల చేత కరెంటు అనే మాట మాన్పించి ‘విద్యుత్ ప్రవాహం’ అనిపిస్తే గొడవే ఉండదు కదా?

నల్లగొండ నుంచి:
బడిలో అంటారు, ఇంటికెళ్లి “అమ్మా, విద్యుత్ ప్రవాహం పోయింది” అంటారా? ‘లో వోల్టేజీ’ రైతుల నోట ఎప్పటి నుంచో ఉన్న మాటే. పాఠంలో దాన్ని వాడుకుంటే చాలు.

మిర్యాలగూడ నుంచి, మోటార్లు చుట్టే పనిలో ఉన్నాను:
ఇంకో అర్థం వదిలేశారు. నడుస్తుండగా మూడు ఫేజుల్లో ఒకటి పోయినా రైతు ‘కరెంటు తక్కువ వచ్చింది’ అనే అంటాడు. అప్పుడు మిగిలిన రెండు లైన్లే బరువంతా మోయాలి. మోటారు విప్పితే తేడా తెలుస్తుంది. లో వోల్టేజీకి కాలితే మూడు ఫేజుల చుట్టలూ ఒకేలా నల్లబడతాయి. ఫేజు పోయి కాలితే, స్టార్ కనెక్షన్‌లో (మూడు చుట్టల ఒక్కో కొసను ఒకేచోట కలిపినది) రెండు ఫేజుల చుట్టలు మాడి ఒకటి శుభ్రంగా మిగులుతుంది. డెల్టాలో (చుట్టలను కొసకు కొస త్రిభుజంలా కలిపినది) ఒకటే మాడుతుంది. చుట్టే కూలి మాత్రం దేనికైనా ఒకటే.